పదమూడు పొయ్యిలు

“గది తలుపుకి లోపలి నుంచి గడియ ఉందా?”

మా అమ్మ అడిగిన ప్రశ్న ఇదొక్కటే. సెలవుకి వెళ్ళినప్పుడు మా ఊరి పొలిమేరలో ఉన్న ఒక వృద్ధాశ్రమాన్ని చూసి వచ్చి, చూసినదంతా వరుసగా చెప్పాను. ఆవరణ శుభ్రంగా ఉందని, భోజనం మనింటి భోజనంలాగే ఉందని, వారానికి రెండుసార్లు డాక్టరు వస్తాడని, పొద్దున్నే విష్ణుసహస్రనామం పెడతారని. పొడవాటి హాలు, ఇరువైపులా ఆరేసి మంచాలు, మంచానికొక ఇనుప బీరువా. అంతా విని అమ్మ ఆ మాట అడిగింది. గది ఉంటే కదా తలుపు, తలుపు ఉంటే కదా గడియ! హాలుకి ఉన్నది ఒకటే తలుపు, దాని తాళంచెవి మేనేజరు దగ్గర ఉంటుంది. ఆ సంగతి నోటితో చెప్పలేక “కనుక్కుంటాను” అన్నాను. అమ్మ మళ్ళీ అడగలేదు. సెలవు అయిపోయింది. ఇంగ్లండుకి తిరిగి వచ్చేశాను.

ఈ దేశంలో ఏ పాత ఊళ్ళో నడిచినా, చర్చి పక్కనో బజారు చివరనో పొట్టి ఇళ్ళ వరుస ఒకటి తారసపడుతుంది. అన్ని తలుపులూ ఒకే కొలత, అన్ని కిటికీలూ ఒకే తీరు. కప్పు మీద ఎత్తయిన పొగగొట్టాలు. నడిమి గోడ మీద రాతిలో చెక్కిన వంశచిహ్నం, ఒక పేరు, ఒక సంవత్సరం. ఏళ్ళ తరబడి వీటి ముందు నుంచే నడిచి వెళ్ళాను. ఏ జమీందారు గుర్రపుశాలలో కాబోలనుకునేవాణ్ణి. అమ్మ ప్రశ్న చెవిలో పడ్డాక గాని ఆగి చూడలేదు.

వీటిని ఆమ్స్‌హౌస్‌లంటారు. తెలుగులో ఏమనాలో నాకు ఇప్పటికీ తేలలేదు. ధర్మసత్రం అందామంటే సత్రం బాటసారిది, రెండు మూడు రాత్రులు తలదాచుకుని సాగిపోయే చోటు. ఇది ఇక ఎక్కడికీ సాగనక్కరలేనివాళ్ళది. భిక్షాగృహమంటే అక్షరాలా సరిపోతుంది గాని ఆ మాట వినగానే ఉండబోయేవారి తల వంగిపోతుంది. నిజానికి ‘ఆమ్స్’ అన్న మాటకి మూలమైన గ్రీకు పదానికి అర్థం దయ, జాలి. పాతవాటిలో చాలా వాటి పేరు హాస్పిటల్. లోపల డాక్టరూ ఉండడు, నర్సూ ఉండదు. ఆ మాట అతిథి అన్న అర్థం గల లాటిన్ పదం నుంచి వచ్చింది. రోగులు ఆ పేరుని తరువాత ఆక్రమించుకున్నారు.

ఇవి మ్యూజియం వస్తువులు కావు. ఈనాటికీ ఈ దేశంలో 1,600 పైచిలుకు ధర్మసంస్థలు ఇలాంటి ఇళ్ళను నడుపుతున్నాయి, 30,000 మందికి పైగా వాటిలో కాపురముంటున్నారు.

విచిత్రమేమిటంటే ఈ కథ ఒక హాలుతోనే మొదలవుతుంది. అచ్చం నేను చూసి వచ్చిన హాలు లాంటిదే.

చిచెస్టర్ పట్నంలోని సెయింట్ మేరీస్ హాస్పిటల్ 13వ శతాబ్దం చివర కట్టినది. బయటి నుంచి చూస్తే గోడల కన్నా ముందు కప్పు కనబడుతుంది. మన పాత పెంకుటిళ్ళ చూరులా ఇంచుమించు మనిషి ఎత్తు దాకా వంగి వచ్చిన కప్పు. లోపల చర్చి మాదిరి పొడవాటి శాల, తల ఎత్తితే చీకట్లో కలిసిపోయే దూలాలు. తూర్పు కొసన చెక్కడపు చెక్క తెర, ఆ వెనుక ప్రార్థనామందిరం. మధ్యయుగాల్లో ఇలాంటి శాలల్లో ఇరుపక్కలా పడకలుండేవి. రోగీ, ముసలీ, దారిన పోయేవాడూ అందరూ ఒకే కప్పు కింద. లేవలేనివాడు కూడా పడక మీద నుంచే పూజను చూడగలగాలి, ఆ నిర్మాణంలోని ఆలోచన అది. ఆత్మకి కావలసిన ఏర్పాటంతా ఉంది. మంచానికీ మంచానికీ మధ్య గోడ మాత్రం లేదు.

17వ శతాబ్దంలో ఆ శాలను కూలగొట్టకుండానే, ఆ కప్పు కిందే రెండు వైపులా చిన్న చిన్న ఇళ్ళు కట్టారు. ఒక్కొక్క ఇంటికీ ఒక తలుపు, ఒక పొయ్యి. పొగ బయటికి పోవాలి గనుక పాత కప్పుని చీల్చుకుని లావాటి ఇటుక పొగగొట్టాలు పైకి లేచాయి. ఇంట్లో ఇల్లు అన్నమాట. ఇప్పటికీ అందులో మనుషులుంటున్నారు. అంత అందమైన కప్పుకి ఆ గొట్టాలు కొంచెం వికారంగానే ఉన్నాయి. నాకు మాత్రం కప్పు కన్నా వాటి మీదే గౌరవం కలిగింది.

ఆ రెండు దశలకీ నడుమ మరొకటుంది. స్టామ్‌ఫర్డ్‌లో విలియం బ్రౌన్ అనే ఉన్ని వ్యాపారి 15వ శతాబ్దం చివర కట్టించిన హాస్పిటల్‌లో, హాలుని చెక్క అడ్డుగోడలతో చిన్న చిన్న అరలుగా విభజించారు, మధ్యలో నడవ. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క అర. మన ఆఫీసుల్లో కూర్చునే అరలు గుర్తుకొచ్చి కాస్త నవ్వొచ్చింది.

అయితే అప్పటికే మరికొన్ని చోట్ల హాలుని వదిలేశారు. వించెస్టర్ నుంచి ఇచెన్ నది పక్కన పచ్చిక బయళ్ళలో ఒక మైలు నడిస్తే సెయింట్ క్రాస్ హాస్పిటల్ వస్తుంది. 1819లో కీట్స్ కవి ఆ ఊళ్ళో ఉన్న రోజుల్లో నడిచిన దారి ఇదే. విజేత విలియం మనుమడు, స్టీఫెన్ రాజుకి తమ్ముడు, వించెస్టర్ బిషప్ అయిన హెన్రీ ఆఫ్ బ్లాయిస్ 1130 ప్రాంతాల్లో దీన్ని స్థాపించాడు. పదముగ్గురు పేదవారికి నివాసం, రోజూ మరో నూరుమందికి భోజనం. మూడు వందల ఏళ్ళ తరువాత, 1445లో, కార్డినల్ బోఫర్ట్ మరొక వర్గాన్ని చేర్చాడు: ఒకప్పుడు బతికి చెడినవాళ్ళు. దానికి పెట్టిన పేరు ‘కులీన దారిద్ర్యం’. నాటి నుంచి నేటి దాకా పాత స్థాపన వారిది నల్ల అంగీ, కొత్తదాని వారిది ముదురెరుపు అంగీ.

బోఫర్ట్ కాలంలో కట్టిన ఇళ్ళ వరుస పచ్చిక ఆవరణకి ఒక పక్క నిలబడి ఉంది. హాలు కాదు. రెండంతస్తులు, ఆక్స్‌ఫర్డ్ కళాశాలల్లో లాగ ఒక్కొక్క మెట్లదారికి నాలుగు ఇళ్ళు. వరుస పొడుగునా గోడని ఆనుకుని ఆకాశంలోకి లేచిన పొగగొట్టాలు, తాడిచెట్ల వరుసలా. చర్చి చిన్న కెథడ్రల్ అంత ఉంటుంది. యాత్రికులందరూ దాని వైపే కెమెరాలు తిప్పుతారు. నేను మాత్రం ఆ గొట్టాలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

ఇక్కడ ఒక పాత ఆచారం మిగిలి ఉంది. ద్వారపాలకుడి గది దగ్గర ఆగి బాటసారి భిక్ష అడిగిన ఎవరికైనా ఒక రొట్టె ముక్క, కాసింత బీరు ఇస్తారు. అడగాలి, అడగనిదే ఇవ్వరు. నేను కిటికీ ముందు ఒక నిమిషం తటపటాయించాను. బీరు వల్ల కాదు, ఆ మాట వల్ల. ఉద్యోగం, జీతం, జేబులో రైలు టికెట్టు ఉన్న మనిషికి కూడా ‘భిక్ష’ అని నోరు తెరిచి అడగడం ఎంత కష్టమో ఆ నిమిషంలో తెలిసింది. అడిగాను. రొట్టె తిన్నాను. బీరు రెండు గుటకలే గనుక అదీ తాగేశాను. మా తాతగారు పైనుంచి చూస్తూ ఉంటే క్షమించుగాక.

నన్ను అన్నిటి కన్నా ఎక్కువ పట్టుకున్నది ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని యూవెల్మ్ అనే చిన్న పల్లె. స్థాపకులు సఫోక్ ప్రభువు విలియం డి లా పోల్, ఆయన భార్య ఆలిస్ చాసర్. ‘కాంటర్బరీ టేల్స్’ రాసిన చాసర్ కవికి ఈమె స్వయానా మనుమరాలు. 1437లో రాజుగారి అనుమతి తీసుకుని పదముగ్గురు పేదలకి, ఇద్దరు మతాచార్యులకి ఇల్లు కట్టించారు, పక్కనే బడి పెట్టించారు. (పదమూడు ఎందుకంటే క్రీస్తు, పన్నెండుగురు శిష్యులు. ఈ లెక్క చాలా చోట్ల కనిపిస్తుంది.) ఆ బడి ఇప్పటికీ ప్రాథమిక పాఠశాలగా నడుస్తోంది.

కొండవాలు మీద పైన చర్చి. దాని పడమటి తలుపు లోంచి దిగితే కప్పున్న మెట్లదారి, ఆ దారి కొసన ఒక చతుశ్శాల. నడుమ ఆకాశానికి తెరిచిన ముంగిలి, చుట్టూ చెక్క స్తంభాల వసారా, వసారాలోకి తెరుచుకునే తలుపులు. అడుగు పెట్టగానే మా అమ్మమ్మ గారి మండువా లోగిలి కళ్ళ ముందు నిలిచింది. పోలిక కొంత దూరమే సాగుతుందనుకోండి. మండువాలో అన్ని గదులూ ఒక్క కుటుంబానివి, ఎవరి గదిలోకి ఎవరైనా వెళతారు, పొయ్యి ఒకటే. ఇక్కడ ఒకరికొకరు ఏమీ కాని పదముగ్గురు. అందుకే ఆ ఇంటి నిబంధనల్లో ఒక సంగతి ప్రత్యేకంగా రాసి పెట్టారు: ప్రతి ఒక్కరికీ పొగగొట్టం గల ఒక చిన్న ఇల్లో గదో ఉండాలి, అందులో ఆ మనిషి తనంతట తాను తిని, తాగి, విశ్రమించగలగాలి.

ఆ మాట దగ్గర ఆగిపోయాను. 15వ శతాబ్దపు ఇంగ్లండులో పొగగొట్టమంటే చిన్న విషయం కాదు. చాలామంది ఇళ్ళలో గది మధ్యన నేల మీద మంట, పొగ కప్పులోంచి ఎలా పోతే అలా పోయేది. అలాంటి కాలంలో ఒక గొప్ప ఇంటి ఇల్లాలు, భర్తతో కూర్చుని, ఏమీ లేని ముసలివాడికి ఏమేం కావాలో జాబితా రాయించింది. ఆ జాబితాలో అన్నం ఉంది, బట్ట ఉంది, ప్రార్థన ఉంది, ఆ పక్కనే ‘తనంతట తాను’ అన్న మాట కూడా ఉంది. ఆ మాటకి వాస్తురూపం గోడలోని పొయ్యి. పొయ్యి ఉంటే గోడ కావాలి, గోడ ఉంటే గది అవుతుంది, గది అయ్యాక తలుపు ఉండక తప్పదు.

విలియంకి మంచి చావు రాలేదు. 1450లో దేశబహిష్కృతుడై పోతుంటే సముద్రం మీదే పట్టుకుని తల నరికారు. ఆలిస్ 1475 దాకా బతికింది. పైన చర్చిలో ఆమె పాలరాతి సమాధి ఉంది. మీద రాణిలా పడుకున్న విగ్రహం. వంగి, కింది జాలీ సందుల్లోంచి చూస్తే అదే మనిషి ఎండిన శవరూపం. నేలకి చెంప ఆనిస్తే గాని సరిగ్గా కనబడదు.

ఇంత చెప్పాక రెండో వైపు చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఈ గది ఉచితం కాదు. యూవెల్మ్ పేదలు రోజుకి ఎన్నోసార్లు చర్చికి వెళ్ళి దాతల ఆత్మల కోసం ప్రార్థించాలి. అదే వాళ్ళ ఉద్యోగం. అంగీ మీద గుర్తు వేసుకోవాలి. చాలా ఆమ్స్‌హౌస్‌లలో రాత్రి గేటు మూసేవారు, తాగినా పోట్లాడినా వెళ్ళగొట్టేవారు, పెళ్ళి చేసుకుంటే చోటు పోయేది. తలుపుకి లోపల గడియ ఉంది, సరే. ఆ తలుపుకి అవతల, వీధి మొగాన, మరొకరి చేతిలో తాళమున్న పెద్ద ద్వారం కూడా ఉంది.

గిల్డ్‌ఫర్డ్‌లో ఆ ద్వారాన్ని చూడాలి. కాంటర్బరీ ఆర్చిబిషప్ జార్జ్ అబాట్ తను పుట్టిన ఊళ్ళో కట్టించిన హాస్పిటల్‌కి 1619లో పునాదిరాయి పడింది. నాలుగు మూలలా బురుజులతో ఎర్రటి ఇటుక గోపురం, రాజుగారి కోటకి పెట్టినట్టు. దాని వెనుక ఇరవై మంది ముసలివాళ్ళ ఇళ్ళు. (ఈ అబాట్ 1621లో వేటలో గురి తప్పి ఒక అడవి కాపరిని బాణంతో చంపాడు. ఇల్లు అంతకు ముందే మొదలైంది గనుక దీన్ని ఆ పాపానికి ప్రాయశ్చిత్తంగా లెక్కించడానికి లేదు.) ఆ గోపురం 1685లో తిరుగుబాటు చేసి ఓడిపోయిన మన్మత్ డ్యూక్‌ని లండన్‌కి తీసుకుపోతూ ఒక రాత్రి బంధించడానికి పనికొచ్చింది. ఖైదీని పెట్టడానికి అనువైన గేటు ముసలివాళ్ళకి ఎందుకు కట్టినట్టు? లోపల చిన్న చిన్న తలుపులు వాళ్ళ కోసం. వీధిలోని గోపురం కట్టించినవాడి కోసం. ఏ ఆమ్స్‌హౌస్ ముందు నిలబడినా నేనిప్పుడు ఈ రెండింటి కొలతలూ పోల్చి చూస్తున్నాను.

కొన్నిచోట్ల మూడో కొలత కూడా అవసరమవుతుంది, అధికారి ఇల్లు. సెయింట్ క్రాస్‌కి గిల్‌ఫర్డ్ ఎర్ల్ పదవిలో ఉన్న ఒక మతాచార్యుణ్ణి బిషప్ అయిన తండ్రే అధిపతిగా నియమించాడు. ఆయన దశాబ్దాల పాటు ఆ ధర్మనిధి ఆదాయాన్ని అనుభవించాడు. కోర్టు కలగజేసుకుంది, 1855లో దిగిపోయాడు. సరిగ్గా ఆ ఏడే ఆంథొనీ ట్రాలప్ ‘ది వార్డెన్’ నవల వెలువడింది. అందులో పన్నెండుమంది ముసలివాళ్ళూ వాళ్ళ ఆస్తి మీద హాయిగా బతికే ఒక మంచి మనిషీ ఉంటారు. చెడ్డవాణ్ణి పెట్టి రాయడం సులభం. ట్రాలప్ మంచివాణ్ణి పెట్టాడు, అందుకే ఆ నవల ఇంకా చదవబుద్ధవుతుంది.

లండన్‌లో వర్తకుల డబ్బు వచ్చి చేరాక కట్టడం మారింది. ప్రార్థనల కోసం దానాలిచ్చే పద్ధతి 16వ శతాబ్దపు మతసంస్కరణతో పోయింది. పుణ్యం స్థానంలో కీర్తి వచ్చింది. చతుశ్శాలకి ముందు వైపు తెరిచి, మూడు పక్కలా ఇళ్ళు, మధ్యలో పచ్చిక. దారిన పోయేవాళ్ళందరికీ కనబడాలి మరి. షోర్‌డిచ్‌లో 1714లో కట్టిన జెఫ్రీ ఆమ్స్‌హౌస్‌లు ఇలాంటివే. పద్నాలుగు ఇళ్ళు, నడుమ ప్రార్థనామందిరం, తలుపు పైన సర్ రాబర్ట్ జెఫ్రీ విగ్రహం. 1914 నుంచి అది మ్యూజియం. ఆయన సంపదలో బానిసల వ్యాపారం వాటా ఉందని 2020లో వివాదం రేగింది. అభిప్రాయం చెప్పినవారిలో ఎక్కువమంది తీసేయమన్నారు, నిర్వాహకులు మాత్రం అప్పటికి ఉంచాలని తీర్మానించారు. ఆయన ఈస్టిండియా కంపెనీ వ్యాపారంలోనూ ఉన్నవాడే. ఆ కంపెనీకి పాప్లర్ అనే పేటలో తన నావికులకీ వాళ్ళ వితంతువులకీ సొంత ఆమ్స్‌హౌస్ ఉండేది, 1620ల నుంచి. కంపెనీ మచిలీపట్నంలో దిగినది 1611లో. మన తీరం నుంచి కలంకారీ మూటలు ఓడకెక్కించినవాళ్ళలో ఒకరిద్దరైనా చివరికి ఆ గదుల్లో చలి కాచుకుని ఉంటారు. ఆ బట్ట నేసిన చేతులు వణకడం మొదలుపెట్టాక వాటిని ఎవరు చూశారో! పాప్లర్ ఇళ్ళు 19వ శతాబ్దంలోనే పోయాయి, ఇప్పుడక్కడ పార్కు.

పోకుండా మిగిలినది మైల్ ఎండ్ రోడ్డు మీదుంది: ట్రినిటీ గ్రీన్, 1695. వయసు మీరి చితికిపోయిన ఓడ కెప్టెన్లకీ వాళ్ళ వితంతువులకీ కట్టినవి. ఎదురెదురుగా రెండు వరుసలు, కొసన చిన్న ప్రార్థనామందిరం, వీధి వైపు గోడల మీద తెరచాపలెత్తిన బొమ్మ ఓడలు. 1895లో వీటిని కూలగొట్టబోతే సి. ఆర్. ఆష్‌బీ అనే వాస్తుశిల్పి అడ్డం పడ్డాడు. పోరాటం గెలిచి, 1896లో ఆ ఇళ్ళ కొలతలూ చరిత్రా ఒక పుస్తకంగా తెచ్చాడు. లండన్ కట్టడాలన్నిటినీ పేట పేట చొప్పున నమోదు చేసే ‘సర్వే ఆఫ్ లండన్’ అనే మహాగ్రంథమాల దానితోనే మొదలైంది. ఏ రాజభవనంతోనో కాదు, ముసలి నావికుల పొట్టి ఇళ్ళతో. ఇప్పుడు మాత్రం అవి చాలావరకు సొంతదారుల ఇళ్ళు.

మొన్న బెర్మండ్‌సీలో ఒక కొత్తది చూశాను, ఆపిల్‌బీ బ్లూ. 2023లో తెరిచారు, 2025లో బ్రిటన్‌లో వాస్తుకళకిచ్చే స్టర్లింగ్ బహుమతి దానికే వచ్చింది. బయటి నుంచే చూశాను, లోపల మనుషుల కాపురాలు గనుక. గోపురం లేదు. గోపురం ఉండవలసిన చోట, వీధికి ఆనుకుని, పెద్ద గాజు కిటికీల వెనుక అందరూ కూర్చునే గది. లోపల ఎవరో ఇద్దరు ముసలమ్మలు టీ తాగుతూ నన్నే చూస్తున్నారు. ఆరువందల ఏళ్ళుగా వీధిలో నిలబడి మనం వాళ్ళ గేటు చూశాం. ఇప్పుడు వాళ్ళు కూర్చుని మనల్ని చూస్తున్నారు. నాకు సిగ్గేసి కదిలాను.

ఆ ఆదివారం ఫోనులో అమ్మకి యూవెల్మ్ సంగతి చెప్పాను. ఆలిస్ గురించి, వసారా గురించి, పదమూడు గదుల గురించి. సమాధి గురించి చెప్పలేదు.

“గదికో పొగగొట్టం అన్నావు. అంటే ఎవరి పొయ్యి వాళ్ళదేనా?” అంది.

“అవునమ్మా.”

“ఎప్పుడు కావాలంటే అప్పుడు కాఫీ పెట్టుకోవచ్చన్నమాట.”

వాళ్ళకి అప్పట్లో కాఫీ లేదని చెప్పబోయి ఊరుకున్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత, కిందటి వారం పక్కింటి అన్నపూర్ణత్తయ్యతో కలిసి మరో ఆశ్రమం చూసి వచ్చానని చెప్పింది. ఆ మాట నాకు అప్పటిదాకా తెలియదు. గదులు విడివిడిగానే ఉన్నాయట, లోపల గడియ కూడా ఉందట, తనే వేసి చూసిందట. గ్యాసు పొయ్యి మాత్రం ఒప్పుకోరట, కరెంటు కెటిలైతే చూద్దామన్నారట.

“మరి ఏమన్నావు?”

“నేనూ చూద్దామనే అన్నాన్రా” అంది.